అప్‌డేట్: ఎలెన్ టెర్రీ ఫోటో రంగస్థలం మీద తీసినది కాదు
లేడీ మాక్‌బెత్ (షేక్‌స్పియర్ నాటకంలోని రాణి పాత్ర) వేషంలో ఉన్న ఆంగ్ల నటి ఎలెన్ టెర్రీ ఫోటో పోస్టుకార్డు గురించి, అది 1888లో లండన్ లైసియం థియేటర్‌లో ప్రదర్శన జరుగుతుండగా తీసినదేనా అని ఇదివరకు అడిగాను. మీరు చెప్పినట్లే అది స్టూడియో చిత్రం. వేదిక మీది గ్యాస్ దీపాల వెలుగు ఆనాటి కెమెరాల్లో వాడే ఫోటో ప్లేట్లకు చాలదు కనుక, నటీనటులు నాటకపు దుస్తులతో స్టూడియోకు వెళ్లి కదలకుండా నిలబడేవారు. ఈ ఫోటో తీసినది విండో అండ్ గ్రోవ్ అనే ఫోటో స్టూడియో. కార్డు వెనుక చిరునామాకూ ఉత్తరానికీ మధ్య గీత ఉంది. బ్రిటన్‌లో ఆ పద్ధతి 1902లో మొదలైంది కాబట్టి, ఫోటో పాతదే అయినా నా కార్డు ఆ తరువాత అచ్చయినదే. నిజమైన పురుగు రెక్కలు కుట్టిన ఆ గౌను ఆకుపచ్చ మెరుపు ఇందులో కనిపించకపోవడం నన్ను ఎంతో బాధించింది. దానికోసం చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1889లో వేసిన తైలవర్ణ చిత్రాన్నే చూడాలి.