వియన్నగాగ్నా, వియన్నాగాగ్నా?

గోదారి గట్టు:
2024 అక్టోబరులో దొరికిన పెద్ద ప్రధాన సంఖ్య గురించి మా అబ్బాయికి చెబుతున్నాను. 13,62,79,841 రెళ్ళని ఒకదాంతో ఒకటి గుణించి చివర్లో ఒకటి తీసేస్తే వచ్చేది, 4,10,24,320 అంకెలు. చెబుతుంటే తాతయ్య వసారాలో చదివే పావులూరి మల్లన చదరంగం పద్యం నోటికొచ్చింది, ఒకటితో మొదలెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే 64 గళ్ళకీ కలిపి ఎంతో, ఒక్కో అంకెకీ ఒక్కో మాట పెట్టి చెప్పేది. అదీ ఇలాంటిదే కదా, 64 రెళ్ళ లబ్ధంలోంచి ఒకటి తీసినది. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నాగాగ్ని..." అక్కణ్ణుంచి "తుహినాంశు" దాకా వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాత ఏముంది?

ఛందోప్రియ:
వియన్నాగాగ్ని కాదండీ, వియన్నగాగ్ని. వియత్, నగ, అగ్ని. చంపకమాలలో అక్కడ జగణం (లఘువు, గురువు, లఘువు) పడాలి, "నా" అని దీర్ఘం తీస్తే పాదం కుంటుతుంది.

లెక్కల మాస్టారు:
ఛందస్సు దాకా ఎందుకు, లెక్కే చెబుతుంది. నగమంటే కొండ, 7. నాగమంటే 8. పద్యం ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చదివితే 18446744073709551615, అంకెల మొత్తం 87, మూడుతో తెగుతుంది. రెళ్ళు సరిసంఖ్యలో ఉంటే ఒకటి తీశాక వచ్చేది మూడుతో తెగి తీరాలి. 7 బదులు 8 వేస్తే 88, తెగదు. ఒక్క దీర్ఘం తీస్తే దొరికిపోతాం.

గోదారి గట్టు:
మరి పద్యంలో ఆ తర్వాత వచ్చే అబ్ధి, పయోనిధి 4 ఎలా అయ్యాయి మాస్టారూ? సప్తసముద్రాలు కదా మనవి.

ఛందోప్రియ:
నాలుగు దిక్కులా నాలుగు సముద్రాలు. కొన్నిచోట్ల 7కీ వాడారు, సందర్భం చూసుకోవాలి.

లెక్కల మాస్టారు:
ఇక్కడ మాత్రం మూడు పరీక్ష పనికిరాదు. 4 తీసి 7 పెడితే మొత్తం మూడే పెరుగుతుంది, శేషం మారదు. కాగితం మీద 64 సార్లు రెట్టించుకోవాల్సిందే. నేను పాత క్యాలెండరు వెనక వేసి చూశాను, 4 వచ్చింది. ఇంకోమాట, పద్యం "శర"తో మొదలైంది, అంటే చివరి అంకె 5, అది ప్రధాన సంఖ్య కాదని తొలిమాటే చెప్పేసింది. కొత్తదాని చివరి అంకె 1, మల్లన రాసి ఉంటే "శశి"తో ఎత్తుకునేవాడు.

ఛందోప్రియ:
పద్యానికి 20 అంకెల చొప్పున 20 లక్షలకు పైగా పద్యాలు కావాలి! అసలు మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి, అంత లెక్కని యతిప్రాసల్లో ఇమిడ్చినవాడికి కవుల వరసలో ముందు పీట వేయకపోవడం నాకు ఇప్పటికీ బాధే. సరే, సంఖ్య మొత్తం కుదరకపోయినా ఘాతాంకాన్ని, అంటే ఎన్ని రెళ్ళో చెప్పే ఆ 13,62,79,841ని, తేటగీతిలో పెట్టొచ్చు. ఇదిగో మొదటి పాదం:
చంద్ర వేద కుంజర రంధ్ర శైల నేత్ర
ఒకట్ల స్థానం నుంచి 1, 4, 8, 9, 7, 2. చం, శై యతి కుదిరింది.

గోదారి గట్టు:
బాగుంది. కానీ శైలం పక్కన నేత్రం అంటే నాకు శివుడే గుర్తొస్తాడు, 3 అనుకోరా ఎవరైనా?

ఛందోప్రియ:
ఉత్త నేత్రం 2. హరనేత్రం అంటేనే 3.

లెక్కల మాస్టారు:
3 అనుకుంటే ఘాతాంకం 13,63,79,841 అవుతుంది, అంకెల మొత్తం 42, మూడుతో తెగుతుంది. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే అన్ని రెళ్ళ లబ్ధంలోంచి ఒకటి తీస్తే వచ్చేదీ ప్రధాన సంఖ్య కాదు. కాబట్టి కన్ను రెండే. అన్నట్టు మనం ప్రధాన సంఖ్య అనేదాన్ని హిందీవాళ్ళు అభాజ్య అంటారు, భాగించలేనిదని. నాకు ఆ మాటే ఇష్టం.

ఛందోప్రియ:
ఒప్పుకోను మాస్టారూ. మిగతా సంఖ్యలన్నీ వీటి గుణకారంతోనే పుడుతున్నప్పుడు ప్రధానం కాక ఏమంటాం?

గోదారి గట్టు:
తుహినాంశు తర్వాత ఏముందో ఎవరూ చెప్పలేదు.

ఛందోప్రియ:
రేపు పుస్తకం తీస్తాను. ఈలోగా రెండో పాదానికి తర్క (6), వహ్ని (3), శశాంక (1) మిగిలాయి, నాలుగో గణం "త"తో మొదలవ్వాలి. ఎవరైనా అందుకోండి.