సముద్రపు నాచు డీఎన్ఏ జిగురుగా వస్తోంది, పీసీఆర్‌లో బ్యాండ్ రావట్లేదు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీది అల్వా నాచు తెచ్చి డీఎన్ఏ తీస్తున్నాను. 2 శాతం సీటాబ్ (కణాల్ని పగలగొట్టే డిటర్జెంట్), 65 డిగ్రీల్లో గంట, క్లోరోఫాం రెండుసార్లు, చివర్లో ఐసోప్రొపనాల్. అడుగున గంజి మీద కట్టిన తెట్టులా జిగురు మిగులుతోంది, టిప్పు పైకి తీస్తే తీగలా సాగుతోంది. ప్రొటీన్ కల్తీని చూపే 260/280 నిష్పత్తి 1.75, అది పర్వాలేదు. చక్కెరలు, ఫినాల్స్ లాంటి మలినాల్ని చూపే 260/230 మాత్రం 0.6 దాటట్లేదు. ఫినాల్స్‌ని పట్టుకునే పీవీపీ కలిపాను, 70 శాతం ఇథనాల్‌తో మూడుసార్లు కడిగాను, పది రెట్లు పలచన చేసి కూడా పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) పెట్టాను. కాపీలు వచ్చాయని జెల్‌లో చూపే గీత, అంటే బ్యాండ్, లేదు. పాజిటివ్ కంట్రోల్‌కి (పనిచేస్తుందని ముందే తెలిసిన డీఎన్ఏకి) వస్తోంది కాబట్టి అడ్డం పడుతున్నవి నాచులోని పాలీశాకరైడ్లేనని (పొడవాటి చక్కెర గొలుసులేనని) నా నమ్మకం. ఇక రెండు గ్రాముల నాచే మిగిలింది, టెన్షన్‌గా ఉంది. ఐసోప్రొపనాల్ పోసే ముందు సోడియం క్లోరైడ్‌ని ఎన్ని మోలార్లకు పెంచితే ఈ జిగురు పై ద్రవంలోనే ఉండిపోతుంది?