ముత్తాతగారి ఊరు పలెర్మో నగరమా, జిల్లాలోని మరో ఊరా?

మా అత్తగారి తాతగారు సిసిలీ నుంచి న్యూయార్క్ వచ్చి స్థిరపడ్డ ఇటాలియన్. ఆయన పుట్టిన ఊరు కనుక్కోవడానికి తెలిసినవారి సాయం కావాలి.

1920 జనాభా లెక్కల్లో ఆయనకు 1904లో అమెరికా పౌరసత్వం వచ్చినట్టు ఉంది. చిక్కంతా అక్కడే. 1906 సెప్టెంబరు తర్వాతి దరఖాస్తుల్లో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, దిగిన తేదీ రాయించేవారు. అంతకు ముందు ఏ కోర్టు పద్ధతి ఆ కోర్టుదే. మాకు దొరికిన కాగితంలో ‘ఇటలీ రాజు ప్రజ’ అన్న మాట, కింద తడబడుతూ చేసిన సంతకం, అంతే. మరణ పత్రంలో మాత్రం ‘పలెర్మో’ అని ఉంది. అది నగరమో, జిల్లాయో తేలడం లేదు.

సిసిలీలో 1820 నుంచే జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉన్నాయి. చాలావాటిని ఇటలీ ప్రభుత్వ పాత రికార్డుల వెబ్‌సైటు ఆంతెనాతిలో ఉచితంగా చూడవచ్చు. కానీ అవి ఊరి వారీగా ఉంటాయి. ఊరు తెలియందే ఏ పుస్తకం తెరవాలి? ఆయన పుట్టింది 1882 ప్రాంతంలో కాబట్టి నగరం రిజిస్టర్లలో ఆ చుట్టుపక్కల వెతికితే అదే పేరున్న పిల్లలు చాలామంది కనిపించారు. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టే ఆనవాయితీ వాళ్లకూ ఉంది కదా! తండ్రి పేరు తెలిస్తే తప్ప ఎవరు ఎవరో చెప్పలేం.

అత్తగారికి ఎనభై దాటాయి. తాతగారి జనన నమోదును కళ్లారా చూడాలని ఆవిడ ఆశ.

పలెర్మో జిల్లా సైనిక నమోదు జాబితాల్లో ఊరు తెలియకుండా పేరుతో వెతకవచ్చా? ఆయన భార్య 1909లో వచ్చారు. ఓడ జాబితాలో ఆవిడను పుట్టింటి పేరుతోనే వెతకాలా?