35 ఏళ్లకి పార్క్ రేంజర్ ప్రయత్నం: సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఫీనిక్స్‌లో ఉంటాను, పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని. నిరుడు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్‌లో లా ఎన్‌ఫోర్స్‌మెంట్ రేంజర్ అవ్వాలని ఉంది. టూరిస్టులకు కొండలు, చెట్ల గురించి చెప్పే రేంజర్ కాదు, తుపాకీ, అరెస్టు చేసే అధికారం ఉండేది. పర్మనెంట్ పోస్టులో 37 నిండకముందే చేరాలి. నాకు వచ్చే నెలలో 35. అదే టెన్షన్.

సొంత డబ్బు పెట్టి కాలేజీల్లో జరిగే సీజనల్ అకాడమీ (సీజన్‌కి మాత్రమే తీసుకునే రేంజర్ల శిక్షణ) పూర్తిచేసి, వేసవి ఉద్యోగంతో మొదలుపెట్టడం మేలా? లేక పర్మనెంట్‌కే అప్లై చేసి, ఎంపికైతే జార్జియాలోని గ్లింకో ట్రైనింగ్ సెంటర్‌కి వాళ్లే పంపుతారని ఆగాలా?

ఫిట్‌నెస్ పరీక్షలో మైలున్నర పరుగు, బెంచ్ ప్రెస్ ఫర్వాలేదు. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే దగ్గరే చిక్కు. నా వేళ్లు పాదాలకు బెత్తెడు దూరంలో ఆగిపోతున్నాయి, అంతా ఆఫీసు కుర్చీ పుణ్యం. ఎన్నాళ్లు సాధన చేస్తే అందుతాయి?

బ్యాక్‌గ్రౌండ్ విచారణలో మనం ఇండియాలో ఉన్న ఏళ్ల గురించి ఎంత లోతుగా అడుగుతారు? గుంటూరులో అమ్మకి ‘అడవిలో పోలీసు ఉద్యోగం’ అని చెబితే, మారుమాట లేకుండా ఫోన్ నాన్నకిచ్చేసింది. ఈ దారిలో వెళ్లినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.