ఫొటోషాప్‌లో చేసిన పేజీని కోడింగ్ చేసేవాళ్ళకి ఎలా ఇవ్వాలి? (తెలుగు సైట్, జీడిపప్పు షాపు)

కాశీబుగ్గ ఫ్లెక్స్:
అందరికీ నమస్కారం. కాశీబుగ్గలో నాకు డిజైనింగ్, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. కోరల్‌డ్రా, ఫొటోషాప్, అను ఫాంట్లు, ఇదే పని. పెళ్ళి కార్డులు, పండగ ఫ్లెక్సులు, జీడిపప్పు ప్యాకెట్ల కవర్లు చేస్తుంటాను. కవర్లు చేయించుకునే ఒకాయన వెబ్‌సైట్ కావాలన్నారు, డిజైన్ నువ్వు చెయ్యి, కోడింగ్ మా మేనల్లుడు చేస్తాడు అని. ఫొటోషాప్‌లో 1920 వెడల్పు పెట్టి ఒకే పొడవాటి పేజీ చేసి ఇచ్చాను. ఆయన చాలా బాగుందన్నారు గానీ ఆ కుర్రాడు మాత్రం ఇలా అయితే అవదంటున్నాడు. తెలుగు కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయట, ఫోన్‌లో ఎలా ఉండాలో చెప్పలేదట, రంగులు తేడాగా ఉన్నాయట. పోనీ మొత్తం జేపెగ్ చేసి పెట్టెయ్ అంటే ఒప్పుకోడు. ఇప్పుడు నేను ఏటి మార్చుకోవాలి? కోడింగ్ నేర్చుకోకుండా ఈ పని అవుతుందా?

విజయనగరం ఫ్రంటెండ్:
అన్నయ్యా, కుర్రాడు చెప్పింది కరెక్టే. ముందు తెలుగు సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. అను ఫాంట్లలో కంప్యూటర్‌కి తెలిసింది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, అందుకే ఆ ఫాంటు లేని చోట అసలు రూపం బయటపడిపోతుంది. వెబ్‌కి యూనికోడ్ కావాలి, అంటే ప్రతి భాష అక్షరాలకీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి, అందులో తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత చోటు ఉంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, పాత మేటర్ ఎక్కువుంటే వాడండి కానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, ప్రూఫ్ చూడకుండా పెట్టొద్దు. కొత్త మేటర్ అయితే నేరుగా యూనికోడ్‌లోనే టైప్ చెయ్యండి, ఫోన్‌లో జీబోర్డ్‌తో కొట్టి పంపుకున్నా సరే.

జేపెగ్ పెట్టెయ్యడం గురించి: పెట్టొచ్చు, కనిపిస్తుంది కూడా. కానీ పలాస జీడిపప్పు అని గూగుల్‌లో వెతికితే ఆ పేజీ పైకి రావడం కష్టం, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి, కళ్ళు కనిపించనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కి చదవడానికి ఏమీ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, జీడిపప్పు రేటు మారిన ప్రతిసారీ ఆయన మీకు ఫోన్ చేస్తారు. మీరు మళ్ళీ ఫొటోషాప్ తెరవాలి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 (గుండు పప్పు సైజులు, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది), మళ్ళీ బద్ద, ముక్క, ఇన్ని రకాల రేట్లు బొమ్మలో పెడితే మీ బతుకు దానికే సరిపోతుంది.

టెక్కలి నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ వ్యాపారికి నిజంగా సైట్ కావాలా? వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకుంటే రేట్లు ఆయనే మార్చుకుంటారు కదా.

విజయనగరం ఫ్రంటెండ్:
అది కూడా పెట్టుకోమనండి, ఒకదానికి ఒకటి అడ్డం కాదు. కానీ ఇక్కడ అడిగింది డిజైన్ గురించి.

కాశీబుగ్గ ఫ్లెక్స్:
సైట్ కావాలనే ఆయన పట్టు. హైదరాబాద్, బెంగళూరు పార్టీలకి చూపించుకోవాలట. సరే, యూనికోడ్ అంటే నాకు ఇంకో బాధ ఉంది. మా ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి వస్తున్నాయి, క్ష కూడా సరిగ్గా పడట్లేదు. అందుకే కదా మేమంతా అను వదల్లేకపోయింది.

విజయనగరం ఫ్రంటెండ్:
అది ఫాంటు తప్పు కాదు, సెట్టింగ్. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ అని ఉంటుంది, అందులో టెక్స్ట్ ఇంజిన్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, కొన్ని వెర్షన్లలో దాన్నే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని రాశారు. ఇల్లస్ట్రేటర్‌లో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టాలి. మరీ పాత వెర్షన్ అయితే ఇవేవీ ఉండవు, దానితో కుస్తీ పట్టకండి.

అసలు వెబ్ పేజీకి ఫొటోషాప్ ఎందుకు అనేది నా మాట. ఫిగ్మా అనే డిజైన్ టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, యూనికోడ్ తెలుగు మామూలుగానే పడుతుంది. డబ్బులు కట్టకుండా కోడ్ విలువలు కూడా చూడాలంటే పెన్‌పాట్ ఉంది, అది ఓపెన్ సోర్స్. ఫొటోషాప్‌ని ఫొటోల కటింగ్‌కి, కలర్ కరెక్షన్‌కి ఉంచుకోండి, అక్కడ దానికి తిరుగులేదు.

బొబ్బిలి యూఐ:
నేను యూఐ (యాప్‌ల, సైట్ల తెరల) డిజైనర్‌ని, ఇప్పుడే చూశాను ఈ చర్చ. ఫొటోషాప్ ఫైల్ ఇచ్చి సైట్ చెయ్యమనడం అంటే కట్టిన ఇంటి ఫొటో చూపించి మేస్త్రీని ఇలాంటిదే కట్టమన్నట్టు. గోడ ఎంత వెడల్పో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనే ఊహించుకోవాలి. ఫ్లెక్స్‌లో మీకు 10 బై 8 అని కొలత ముందే తెలుసు, దాన్ని బట్టే ప్రతి అక్షరం సర్దుతారు. ఇక్కడ కొలత చూసేవాడి చేతిలో ఉంటుంది. కాబట్టి ఒక బొమ్మ కాదు, వెడల్పు మారితే ఏది ఎటు జరగాలి అనే నియమం ఇవ్వాలి.

ఎలా అంటే, ముందు 360 పిక్సెళ్ళ వెడల్పు ఫ్రేమ్ తీసుకుని ఫోన్ పేజీ చెయ్యండి. ఈ సైట్ చూసేవాళ్ళు వాట్సాప్ లింకు నొక్కే వస్తారు, వాళ్ళకి ముందు కనిపించేది అదే. అది కుదిరాక 1280 వెడల్పులో కంప్యూటర్ పేజీ. మధ్యలో ఏమవుతుందో మాటల్లో రాయండి: ప్యాకెట్ల కార్డులు ఫోన్‌లో ఒకటి కింద ఒకటి, టాబ్లెట్‌లో రెండేసి, కంప్యూటర్‌లో నాలుగేసి. ఆ ఒక్క వాక్యం చాలు, కోడింగ్ చేసే అబ్బాయి సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే భాష) గ్రిడ్‌తో చేసేస్తాడు. ఫిగ్మాలో ఆటో లేఅవుట్ వాడితే ఇంకా మంచిది, ఎందుకంటే అది సీఎస్ఎస్‌లోని ఫ్లెక్స్‌బాక్స్ పద్ధతిలోనే పనిచేస్తుంది (మీ ఫ్లెక్స్ కాదు అన్నయ్యా, ఇది వేరే ఫ్లెక్స్).

రంగులకి పేర్లు పెట్టండి. ప్రధాన రంగు, వెనక రంగు, అక్షరాల రంగు, గీత రంగు, అంతే. పదిహేను రకాల గోధుమరంగు వాడితే అన్నీ కోడ్‌లో పడతాయి. మీ రంగులు తేడా రావడానికి కారణం ఫైల్ సీఎంవైకే‌లో ఉండి ఉంటుంది, ప్రింటుకి అది అలవాటు కదా, వెబ్‌కి స్క్రీన్ రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీలో చెయ్యండి. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు మాత్రం వద్దు, ఎండలో ఫోన్ చూసేవాళ్ళకి అస్సలు కనబడవు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణం, ఆన్‌లైన్‌లో ఏ చెకర్‌లో పెట్టినా చెబుతుంది.

కాశీబుగ్గ ఫ్లెక్స్:
మేడం, 300 డీపీఐ పెట్టాలా వద్దా?

బొబ్బిలి యూఐ:
స్క్రీన్‌కి డీపీఐ లెక్క లేదు, పిక్సెళ్ళ లెక్కే. ఫోన్‌లో 360 వెడల్పు చోటులో నిండుగా కనబడాల్సిన ఫొటోకి రెట్టింపు, అంటే 720 ఇస్తే బాగుంటుంది, మూడు రెట్లు ఇచ్చినా సరే. వెబ్‌పీ ఫార్మాట్‌లో ఎగుమతి చెయ్యండి. కెమెరా ఫొటో తీసినది తీసినట్టు ఎక్కించొద్దు. లోగోని కోరల్‌లో కర్వ్స్‌కి మార్చి ఎస్‌వీజీగా ఇవ్వండి, ఎంత పెంచినా చెదరదు.

విజయనగరం ఫ్రంటెండ్:
ఫాంట్ల గురించి నేను చెబుతాను, ఇక్కడే తెలుగు సైట్లు ఎక్కువ చెడిపోతాయి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఇలా చాలా ఉచితంగా ఉన్నాయి. మన జిల్లాల పెద్దవాళ్ళ పేర్లతో గిడుగు, గురజాడ అని కూడా ఉన్నాయి, అది చూసినప్పుడు కాస్త గర్వంగానే ఉంటుంది. కానీ ఇందులో చాలావాటికి ఒకే మందం ఉంటుంది. మీరు డిజైన్‌లో బోల్డ్ అని పెడితే బ్రౌజర్ దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయి చదవడానికి ఇబ్బంది. బోల్డ్ కావాలంటే నోటో, అనేక్ లాంటివి ఎంచుకోండి, వాటిలో నిజమైన మందాలున్నాయి. పైగా తెలుగు ఫాంటులో గుణింతాలు, ఒత్తులు కలిపి రూపాలు వందల్లో ఉంటాయి, ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే బరువు. మొత్తం సైట్‌కి రెండు ఫాంట్లు దాటొద్దు.

లైన్ హైట్, అంటే అక్షరం సైజుకి వరస ఎత్తు ఎన్ని రెట్లో, ఇంగ్లీషుకి 1.4 సరిపోతుందేమో, తెలుగుకి 1.6 నుంచి 1.8 వరకు ఇవ్వండి. రాష్ట్రం, స్త్రీ లాంటి మాటలు పెట్టి చూడండి, పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుందో లేదో తెలిసిపోతుంది. హెడ్డింగులో లైన్ హైట్ 1 పెట్టి పెట్టె బయటికి వచ్చింది దాచెయ్యమంటే ఒత్తులు సగానికి తెగుతాయి. అక్షరాల మధ్య ఎడం కూడా ముట్టుకోకండి. బటన్‌కి వెడల్పు, ఎత్తు కొలతలు బిగించెయ్యకుండా లోపలి ఖాళీ మాత్రం చెప్పండి, ఇంగ్లీషులో బై (కొనండి) అని చిన్న మాటలో అయిపోయేది మనకి వాట్సాప్‌లో ఆర్డర్ చెయ్యండి అని అవుతుంది.

కాశీబుగ్గ ఫ్లెక్స్:
చాలా క్లియర్‌గా అర్థమైంది. మరి కోడింగ్?

బొబ్బిలి యూఐ:
జావాస్క్రిప్ట్ జోలికి వెళ్ళక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చదివి అర్థం చేసుకునేంత వస్తే చాలు. క్రోమ్‌లో ఏ పేజీ అయినా తెరిచి ఎఫ్12 నొక్కండి, ఒక అక్షరం సైజు మార్చండి, ప్యాడింగ్ (లోపలి ఖాళీ) పెంచండి, ఏం జరుగుతుందో కళ్ళ ముందే కనిపిస్తుంది, పేజీ రీలోడ్ చేస్తే మళ్ళీ మామూలే. పైన ఫోన్ బొమ్మ నొక్కితే 360లో ఎలా ఉందో చూడొచ్చు. మార్జిన్ (బయటి ఖాళీ), ప్యాడింగ్, ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, ఈ నాలుగూ మీ చేతికొస్తే ఆ కుర్రాడితో సగం గొడవలు తగ్గుతాయి. ఇంకొకటి, అన్నీ బాగున్నప్పటి పేజీ ఒక్కటే గియ్యకండి. స్టాక్ లేకపోతే కార్డు ఎలా ఉండాలి, ఫోన్ నంబరు తప్పు కొడితే ఏం రావాలి, ఫొటో లోడ్ కాకపోతే ఏం కనబడాలి, ఇవి కూడా గీసి ఇవ్వండి. లేదంటే అవి అతనే తోచినట్టు పెట్టేస్తాడు, తర్వాత మీరే బాగోలేదంటారు.

కాశీబుగ్గ ఫ్లెక్స్:
ఆఖరు డౌట్. ఫ్లెక్స్ అయితే చదరపు అడుగు లెక్కన అడుగుతాం. దీనికి ఏ లెక్కన అడగాలి?

విజయనగరం ఫ్రంటెండ్:
వేరువేరు రూపాలు ఎన్ని ఉంటే అన్నిటికి లెక్క. హోం పేజీ, సరుకుల జాబితా, ఒక సరుకు పేజీ, మాతో మాట్లాడండి పేజీ, నాలుగే కదా. సరుకులు నలభై ఉన్నా రూపం ఒకటే, దానికి నలభై సార్లు డబ్బులు అడిగితే ఆయన ఊరుకోడు. మార్పులు ఎన్నిసార్లు చేస్తారో ముందే వాట్సాప్‌లో రాసి ఓకే అనిపించుకోండి, అడ్వాన్స్ సగం తీసుకోండి.

టెక్కలి నుంచి:
అడ్వాన్స్ జీడిపప్పు రూపంలో ఇస్తానంటే డబ్ల్యూ 180 అడగండి అన్నయ్యా, ముక్క వద్దు.

కాశీబుగ్గ ఫ్లెక్స్:
హహ, అడుగుతాను. ఫిగ్మాలో 360 ఫ్రేమ్ మొదలుపెట్టాను, ఫోన్ పేజీ అయ్యాక ఇక్కడే పెడతాను, మొహమాటపడకుండా చెప్పండి.

బొబ్బిలి యూఐ:
పెట్టండి. రేట్ల పట్టిక ఉన్న పేజీ ముందు పెట్టండి, ఫోన్‌లో ఇబ్బంది పెట్టేది అదే.