తుఫాను రాత్రి ఇంట్లో పిల్లిని ఎక్కడ ఉంచాలి? (విశాఖ, మూడో అంతస్తు)

ప్రశ్న: బీచిరోడ్డు_వాసి

సముద్రానికి కిలోమీటరు లోపే ఉంటాం. మాది నాలుగున్నర కిలోల మగపిల్లి, నాలుగేళ్లది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయింది. ఉరిమితే చాలు, డివాన్ కింద దూరి గంటలకొద్దీ బయటికి రాదు. వాయుగుండం తుఫానుగా మారుతుందంటున్నారు. బాత్రూంలో పెట్టి తలుపేస్తే చాలని పక్కింటివాళ్లు చెబుతున్నారు. అది సరైనదేనా? ఇంకా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: గాలివాన

బాత్రూం వద్దండి. మన బాత్రూముల వెంటిలేటర్లకు ఉండేవి వదులు గాజు పలకలు. గాలి ఎదురుగా కొడితే ముందు ఊడేవి అవే. డ్రైనేజీ నిండితే నీళ్లు పైకి తన్నేదీ అక్కడినుంచే. హాలుకీ పడగ్గదులకీ మధ్య కిటికీ లేని నడవ ఉంటే అదే మంచి చోటు. లేదంటే స్టోర్ రూం. చుట్టూ ఉన్న గదుల తలుపులన్నీ గడియపెట్టి, కింది సందుల్లో పాత దుప్పట్లు కుక్కండి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల పట్టాల్లోంచి మూడో అంతస్తులో కూడా నీళ్లు లోపలికి వస్తాయి. కాబట్టి పిల్లిని పెట్టి మోసే బుట్టను (క్యారియర్) నేలమీద కాకుండా పీటమీద పెట్టండి. అద్దాలకు టేపు అంటించినంత మాత్రాన పగలకుండా ఉండవు.

డివాన్ కింది సందును ఇప్పుడే దిండ్లతో, అట్టపెట్టెలతో పూర్తిగా మూసేయండి. కిటికీ పగిలిన క్షణంలో పిల్లి అందకపోవడమే అసలు ప్రమాదం. భయంలో ఉన్నదాన్ని కాలు పట్టి లాగితే గట్టిగా కరుస్తుంది. కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, తర్వాత టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

బుట్ట గట్టి ప్లాస్టిక్‌ది, పైన కూడా తలుపున్నది అయితే మంచిది. పక్క క్లిప్పులు బరువుకి ఊడిపోతుంటాయి, అందుకని నైలాన్ తాడు రెండు చుట్లు బిగించండి. మీరు వాడిన, ఉతకని దుప్పటి లోపల పరిచి, ఈ రోజు నుంచే తిండి అందులోనే పెట్టండి. వాతావరణశాఖ తుఫాను వచ్చే 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. అలర్టు రాగానే బాల్కనీ తలుపు మూయాలి. గాలి మొదలయ్యాక పిల్లిని వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఇంకొకటి, విశాఖవాళ్లు మరవకూడనిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి లేని భాగం, నగరం మీదుగానే పోయింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని తలుపులు తీసి పిల్లిని వదిలేస్తారు. కాసేపటికి గాలి వ్యతిరేక దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. తుఫాను దాటిపోయిందని అధికారికంగా చెప్పేదాకా నడవ తలుపులు తెరవకండి.

జవాబు: పశువైద్య_సహాయకురాలు

పై మాటలన్నీ సరే. తిండి, మూత్రం సంగతి నేను చెబుతాను.

వారానికి పొడి తిండి అరకిలో చాలు, మూత బిగువుగా ఉండే స్టీలు డబ్బాలో పోయండి. ఈ తేమకి ప్యాకెట్లో ఉంచితే మెత్తబడుతుంది, మెత్తబడిందాన్ని చాలా పిల్లులు ముట్టవు. నీళ్లు రోజుకి కిలో బరువుకి 50 మి.లీ. లెక్కన మీ దానికి 225 మి.లీ. గిన్నెలు కడగడంతో కలిపి అయిదు లీటర్లు విడిగా పెట్టుకోండి. తడి తిండి పౌచ్ తెరిస్తే, ఫ్రిజ్ లేనప్పుడు గంటలోపు తినకపోతే పారేయాలి. ఇసుక ట్రే కూడా నడవలోనే ఉండాలి. మట్టి అయిపోతే చింపిన పాత పేపర్లు, రంపపు పొట్టు పనికొస్తాయి.

మగపిల్లి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా. భయం వల్ల, నీళ్లు తక్కువ తాగడం వల్ల మూత్రనాళం మూసుకుపోవచ్చు. మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆగితే ప్రాణం మీదకొస్తుంది. తిండి ఒక పూట మానితే కంగారు అక్కర్లేదు. రెండు రోజులు అసలు ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అంత భయపడే పిల్లికి డాక్టర్లు గబాపెంటిన్ అనే, భయం తగ్గించే మందు రాస్తారు. బరువును, కిడ్నీలను బట్టి డోసు వాళ్లే చెప్పాలి. భయం మొదలుకాకముందే, సుమారు రెండు గంటల ముందు వేయాలి. తూలుతుందేమో చూడటానికి ముందే ఒకసారి వేసి చూసుకోండి. మన నిద్రమాత్రలు, పారాసెటమాల్ అసలు వద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు.

బీచిరోడ్డు_వాసి

చాలా థాంక్సండి. ఖాళీ చేయాల్సి వచ్చి, ఆ సమయానికి బుట్టలోకి వెళ్లకపోతే?

జవాబు: గాలివాన

నూలు దిండు గలీబులోకి వెనక కాళ్లు ముందు పోయేలా దించి, మూతి ముడివేసి, ఆ గలీబుతో సహా బుట్టలో పెట్టండి. బుట్ట తలుపు చెయ్యి పట్టేంత సందు ఉంచి దగ్గరగా వేసి, ముడి వదులు చేసి, వెంటనే పూర్తిగా మూసేయండి. పునరావాస కేంద్రంలో పిల్లిని రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. రానివ్వకపోతే లోపలి పేటల్లో చుట్టాలిల్లు ఒకటి ఇప్పుడే మాట్లాడుకోవాలి. మెడలో ఫోన్ నంబరు రాసిన పట్టీ ఉండాలి, ఫోనులో దాని తాజా ఫొటో ఉండాలి.

జవాబు: పశువైద్య_సహాయకురాలు

కరెంటు లేని రోజుల కోసం: కొవ్వొత్తులకు బదులు ఛార్జింగ్ లైటు వాడండి. దోమల కాయిల్ మూసిన నడవలో వెలిగించొద్దు, దోమతెర కట్టుకోండి. నీళ్లొచ్చిన నేలను ఫినాయిల్‌తో తుడవకండి. అది పాదాలకంటి, పిల్లి నాకితే విషం. సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. గాజుముక్కలు ఏరి, పూర్తిగా ఊడ్చాకే వదలాలి. బయటికి మాత్రం ఇంకొన్నాళ్లు వద్దు, తెగిన కరెంటు తీగలూ పాములూ ఉంటాయి. ఒకవేళ తప్పిపోతే దూరం వెళ్లకుండా ముందు మెట్ల కింద, పార్కింగులో, లిఫ్టు గది దగ్గర, అర్ధరాత్రి అలికిడి తగ్గాక టార్చితో వెతకండి. కళ్లు మెరుస్తాయి.