కీప్యాడ్ ఫోన్ ద్వారా పిల్లలకు లెక్కలు నేర్పవచ్చునా?

ప్రశ్న (హైదరాబాద్ నుండి)
నమస్కారం. ఆసిఫాబాద్ జిల్లాలోని మా ఊరిలో నాలుగు, ఐదు తరగతులు చదువుతున్న కొందరు పిల్లలకు ఇక్కడి నుండే లెక్కలు నేర్పాలని అనుకుంటున్నాను. వారి ఇళ్లలో ఉన్నవి కీప్యాడ్ ఫోన్లే. అవి కూడా పెద్దవాళ్లు పొలం నుండి తిరిగి వచ్చిన తరువాతనే పిల్లల చేతికి అందుతాయి. బోర్డు లేకుండా, పిల్లల నోటుబుక్కు కంటికి కనబడకుండా తీసివేత, భాగహారం వంటివి మాటలతో నేర్పడం సాధ్యమేనా? ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపితే సరిపోతుందా, ఫోన్ చేసి మాట్లాడవలసిందేనా?

సమాధానం 1 (విద్యా పరిశోధన రంగం)
సాధ్యమేనండీ, అయితే మాట్లాడవలసిందే. 2020లో కొవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు, ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఇప్పుడు యూత్ ఇంపాక్ట్ అనే పేరుతో ఉన్న సంస్థ సుమారు 4,500 కుటుంబాలతో సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించి చూసింది. కొందరికి వారానికొకసారి ఎస్సెమ్మెస్‌లో లెక్కలు మాత్రమే పంపారు, మరికొందరికి దానితో పాటు వారం వారం 15, 20 నిమిషాలు ఫోన్ చేసి మాట్లాడారు, మిగిలినవారికి ఏదీ అందించలేదు. ఎస్సెమ్మెస్ ఒక్కటే అందుకున్నవారిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఫోన్ కాల్ కూడా అందుకున్న పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. తరువాత భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండాలలో చేసిన పరీక్షల్లోనూ ఫోన్ పాఠాలు బాగా పనిచేశాయి.

అదే 2020 సెప్టెంబరులో మన తెలంగాణలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆ పని అవసరమైనదే, కానీ ప్రసారంలో ఒక తరగతికంతటికీ ఒకే పాఠం ఉంటుంది. ఫోన్‌లో మీ ముందున్నది ఒక్క పిల్లవాడే కనుక, అతడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుండే మొదలుపెట్టవచ్చు. ఐదో తరగతి పిల్లవాడికి రెండంకెల కూడిక రాకపోతే కూడిక నుండే ప్రారంభించండి, తరగతి పుస్తకం గురించి ఆందోళన పడకండి.

సమాధానం 2 (విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ)
పై మాటకు ఒక ఉదాహరణ ఇస్తాను. 52లో నుండి 27 తీసివేయమని అడగండి. పిల్లవాడు 35 అన్నాడంటే, ఒకట్ల స్థానంలో రెండులో నుండి ఏడు పోదు కనుక ఏడులో నుండే రెండు తీసేశాడన్నమాట. 79 అన్నాడంటే గుర్తు చూడకుండా కూడేశాడు. తప్పు అని చెప్పి ఊరుకోకుండా, "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడిగితే, నోటుబుక్కు కనబడకపోయినా ఆ పిల్లవాడి ఆలోచన మొత్తం మీకు వినబడుతుంది.

ఆ తరువాత చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకోమనండి. ఏడు పుల్లలు ఇవ్వమని అడగగానే రెండే ఉన్నాయని వాడే చెబుతాడు, "మరి ఏం చేద్దాం?" అని అడిగి కొంతసేపు మౌనంగా ఉండండి. కట్ట విప్పాలన్న ఆలోచన వాడి నోటి నుండే రావాలి. స్థాన విలువ మనసుకు పట్టేది ఆ క్షణంలోనే, అందుకే తొందరపడి మీరు చెప్పేయవద్దని వేడుకుంటున్నాను.

సిగ్నల్ సరిగా లేనప్పుడు ఇరవై, అరవై ఒకేలా వినబడతాయి. "ఆరు పదులు, మూడు ఒకట్లు" అని విడదీసి చెప్పండి.

సమాధానం 3 (ఒక విద్యార్థిని తల్లి)
మా పాప ఇలాగే నేర్చుకుంటున్నది. పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలు చాలాసార్లు డబ్బాలుగా కనబడతాయి కనుక, ఎస్సెమ్మెస్‌లో అంకెలు, గుర్తులు మాత్రమే పంపండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, అమ్మనో నాన్ననో పక్కన కూర్చోమనండి. వారికి చదువు రాకపోయినా ఫరవాలేదు, పుల్లలు లెక్కపెట్టగలరు, బిడ్డకు ఎంతవరకు వచ్చో స్వయంగా వింటారు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, సమయం కలిసివస్తుందని ముగ్గురు పిల్లలను ఒకే కాన్ఫరెన్స్ కాల్‌లో కలపవచ్చునా?

సమాధానం 2
కలపవద్దండీ. చురుకైన పిల్లవాడు ముందే జవాబు చెప్పేస్తాడు, మిగతా ఇద్దరూ దానినే వల్లిస్తారు. ఎవరికి ఏది రాలేదో మీకు తెలియదు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలే కేటాయించినా సరే, విడివిడిగానే మాట్లాడండి.